తీపి లేని తాయిలం

చెరుకు, పసుపు, ఎర్రజొన్న పండే నేల ఇందూరు, అంటే నిజామాబాద్. పెంపుడు కుక్కకు ఇంట్లోనే మంచి చిరుతిండి చేసిపెట్టడానికి కావలసిన సరుకంతా ఇక్కడే దొరుకుతుంది. వేయకూడనిది మాత్రం బోధన్‌కు పేరు తెచ్చిన చక్కెరే.

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో మొదలైంది. మంజీర మీద నిజాంసాగర్ కట్టాక కాలువ పారిన పొలాల్లోకి చెరుకు వచ్చింది, చెరుకు వెంట ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీ చుట్టూ ఒక ఊరే వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపిస్తామన్న మాట నేటికీ వినిపిస్తూనే ఉంది. ఫ్యాక్టరీ ఆగినా ఇళ్లలో తీపి మర్యాద ఆగలేదు. చుట్టం వస్తే చాయ్‌లో రెండు చెంచాలు, పండక్కి పోలెలు, బతుకమ్మకు మలీద, రంజాన్‌కు షీర్ ఖుర్మా. మనిషి మీది ప్రేమను తీపితో చెప్పడం ఇక్కడ తరాలుగా వస్తున్న అలవాటు. నిజామాబాద్ కాలనీల్లో లాబ్రడార్లు, స్పిట్జ్‌లు ఇంటి మనుషుల్లో ఒకరైపోయాక ఆ మర్యాద వాటికీ దక్కుతోంది. పొద్దున చాయ్‌లో ముంచిన బిస్కెట్, మధ్యాహ్నం పిల్లల చేతిలోని కేకు ముక్క, రాత్రి బెల్లం రొట్టె తునక. పెట్టేవాళ్ల మనసులో ప్రేమే తప్ప మరొకటి లేదు. తినే ప్రాణికి దానివల్ల ఒరిగేదేమిటన్నదే ఇక్కడ ప్రశ్న.

కుక్కకు తాయిలం ఎందుకు పెడతాం? చెప్పిన మాట విన్నందుకు, పిలిస్తే వచ్చినందుకు, ఇంజెక్షన్ వేస్తుంటే కదలకుండా ఉన్నందుకు. ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా, ముద్దొచ్చినందుకు. అంటే తాయిలం ఆకలి తీర్చే తిండి కాదు, ఒక సైగ. సైగకు పరిమాణం అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే మిగతాదంతా దాని వెంటే వస్తుంది. ఇంట్లో చేసినదంతా ఆరోగ్యకరమూ కాదు, అంగట్లో కొన్నదంతా విషమూ కాదు. ఇంటి తాయిలానికి ఉన్న మేలు ఒక్కటే: అందులో ఏం వేయకూడదో, ఎంత చిన్నగా కోయాలో మన చేతిలో ఉంటుంది. ఆ రెంటినీ వదిలేసి నెయ్యి, బెల్లం దట్టించి వండితే అది ఇంటిదైనా ఒకటే, ఎక్కడిదైనా ఒకటే.

లెక్క వేసి చూద్దాం

కొలత సంగతి మాటల్లో కంటే అంకెల్లో బాగా తెలుస్తుంది. కిలోల్లో కుక్క బరువుకు 0.75 ఘాతం కట్టి, వచ్చినదాన్ని 70తో గుణిస్తే, కుక్క రోజంతా కదలకుండా పడుకున్నా కావలసిన కేలరీలు వస్తాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకైతే పశువైద్యులు దాన్ని మళ్లీ సుమారు 1.6తో హెచ్చిస్తారు. ఆ ప్రకారం మనం పామరేనియన్ అని పిలుచుకునే 5 కిలోల స్పిట్జ్‌కు రోజు మొత్తానికి 375 కేలరీలు సరిపోతాయి. 25 కిలోల లాబ్రడార్‌కు 1,250. తాయిలాలు ఇందులో పదో వంతు దాటకూడదన్నది ప్రపంచమంతటా పశువైద్యులు పాటించే నియమం. అంటే స్పిట్జ్‌కు 37 కేలరీలు, లాబ్రడార్‌కు 125. ఇప్పుడు గ్లూకోజ్ బిస్కెట్‌ను పక్కన పెట్టి చూడండి. వంద గ్రాములకు 450 కేలరీల చొప్పున 5 గ్రాముల బిస్కెట్ ఒక్కటి 22 కేలరీలు. రెండో బిస్కెట్‌తోనే స్పిట్జ్ వాటా దాటిపోతుంది. రోజుకు 2,000 కేలరీలు తినే పెద్ద మనిషి లెక్కలో ఆ ఒక్క బిస్కెట్ అయిదారు బిస్కెట్లతో సమానం. ఇంట్లో నలుగురుండి నలుగురూ తలొకటి పెడితే, ఎవరికి వారికి అది ‘ఒక్క బిస్కెట్టే’. కుక్క కడుపులోకి చేరేది మాత్రం నాలుగు.

కాస్త లావైతే ఏమవుతుందన్న ప్రశ్నకు గట్టి జవాబు 2002లో వెలువడింది. అమెరికాలో 48 లాబ్రడార్లను కూనలుగా ఉన్నప్పుడే జతలు కట్టి, జతలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. తిండి ఒకటే, మోతాదే వేరు. తక్కువ తిన్న కుక్కల మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు. ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. కీళ్ల నొప్పులు కూడా తక్కువ తిన్నవాటిలో ఆలస్యంగా మొదలయ్యాయి. ఎక్కువ తిన్నవాటికేమీ చెత్త తిండి పెట్టలేదు. మంచి తిండే, కొంచెం ఎక్కువగా పెట్టారు. పన్నెండు పదమూడేళ్లు బతికే జీవికి దాదాపు రెండేళ్లంటే చిన్న కోత కాదు. ఇక మధుమేహం సంగతిలో నిజాయితీగా ఒక మాట చెప్పాలి. కుక్కలకు వచ్చే మధుమేహం ఎక్కువగా ఇన్సులిన్ ఊరక వచ్చేది. చక్కెర తినడమే దానికి నేరు కారణమని చెప్పలేం. చక్కెర చేసే కీడు ఊబకాయం దారిన వస్తుంది. ఆ దారి చాలదూ?

తీపి ఎవరి కోసం?

కుక్కకు తీపి రుచి తెలియదని కొందరంటారు. అది పొరపాటు. తీపి తెలియనిది పిల్లికి. ఆ రుచిని పట్టే జన్యువు పిల్లుల్లో పనిచేయదని 2005లో తేలింది. కుక్క నాలుకకు తీపి తెలుసు, ఇష్టమే కూడా. కానీ దాని నాలుక మీద రుచి మొగ్గలు మనకున్నవాటిలో అయిదో వంతు ఉంటాయంతే. వాసన పట్టే కణాలు మాత్రం మన కంటే పదుల రెట్లు ఎక్కువ. అది తిండిని ముందు ముక్కుతో తింటుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని పరుగుతో కొలిచింది. మామూలు పొడి తిండి గుళిక కోసం కంటే సాసేజ్ ముక్క కోసం కుక్కలు వేగంగా పరుగెత్తాయి. ఒక గుళికకు బదులు అయిదు గుళికలు పెట్టినా వేగం పెరగలేదు. వాసనకు అవి విలువ కట్టాయి, లెక్కకు కట్టలేదు. అందుకే చిన్న ముక్క పెడితే కుక్క చిన్నబుచ్చుకుంటుందన్న భయానికి ఆధారం లేదు. మొహంలోకి చూస్తూ కూర్చుంది కదా అంటారేమో. అలా చూస్తే పెడతారని మనమే నేర్పాం. ఇంకో ముక్క పెడితే ఆ పాఠం మరింత గట్టిపడుతుంది.

చక్కెర వద్దు సరే, బెల్లం సహజమైనదే కదా అన్నది ఈ ప్రాంతంలో తప్పక వచ్చే అభ్యంతరం. బెల్లం సహజమే. అయినా అందులో సింహభాగం సుక్రోజే, చక్కెరలో ఉన్నదీ అదే. పది గ్రాముల బెల్లంలో 38 కేలరీలుంటాయి, అంటే స్పిట్జ్‌కు రోజు వాటా మొత్తం ఆ చిన్న గడ్డతోనే సరి. బెల్లంలోని ఇనుము, ఖనిజాలు మనం పెట్టే చిటికెడులో లెక్కకు రావు. మాంసపు చిన్న ముక్కలో అంతకు మించే దొరుకుతాయి. చెరుకు ముక్క నమలనిస్తే పళ్లకు మంచిదన్న నమ్మకమూ ఉంది. మనం పిప్పి ఉమ్మేస్తాం, కుక్క మింగేస్తుంది. ఆ పీచు ఉండ కట్టి పేగుకు అడ్డం పడొచ్చు.

జొన్నపిండి, గుమ్మడి, ఒక గుడ్డు

కుక్క మాంసాహారి, దానికి ధాన్యం పెట్టడమే తప్పు అనేవాళ్లు ఇప్పుడు పట్టణాల్లోనూ తయారయ్యారు. ధాన్యం లేని తిండి అని సంచుల మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసి అమ్ముతున్నారు. దీనికి జవాబు కుక్క జన్యువుల్లోనే ఉంది. పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కలో నాలుగు నుంచి ముప్పై దాకా ఉంటాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో చూపారు. మనిషి సేద్యం మొదలుపెట్టి గింజలు తిన్నాడు, అతని గడపలో మిగిలింది తిని కుక్క ఆ తిండికి ఒదిగింది. తెలంగాణ పల్లెల్లో జొన్న గటక, మక్క గటక మిగిలితే మజ్జిగ కలిపి కుక్కకు పెట్టేవాళ్లు చేసింది తప్పేమీ కాదు. ఉడకని గింజ అరగదు, బాగా ఉడికినదైతే ఇబ్బంది లేదు. ధాన్యం మానేసి పప్పుదినుసులతో నింపిన కొన్ని తిండ్లకూ గుండె కండరం బలహీనపడే జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో విచారణే మొదలుపెట్టింది. సంబంధం తేలలేదు గానీ, ధాన్యాన్ని దోషిగా నిలబెట్టడానికి ఆధారమూ దొరకలేదు.

ఇక వంట. ఆర్మూరు వైపు చేలు ఎర్రజొన్నకు పేరు పడ్డాయి, తినే తెల్లజొన్న పిండి ఏ గిర్నీలోనైనా పట్టిస్తారు. వంద గ్రాముల జొన్నపిండి, నాలుగు చెంచాల గుమ్మడి గుజ్జు, ఒక గుడ్డు. ఉప్పు, కారం, నూనె, తీపి ఏవీ లేవు. జొన్నలో గోధుమకున్న జిగురు లేదు. రొట్టె చేసేవాళ్లు మరిగే నీళ్లు పోసి పిండి కలిపేది అందుకే. ఇక్కడ ఆ పని ఉడికించిన గుమ్మడి గుజ్జు చేస్తుంది. పొయ్యి మీంచి దించిన వేడి గుజ్జును పిండిలో వేసి కలిపి, చల్లారాక గుడ్డు కొట్టి పోసి మెత్తగా పిసకాలి. పిండి చేతికి అంటుకుంటుంటే ఇంకో చెంచా జొన్నపిండి చాలు. ఆ ముద్దను బియ్యపు రొట్టె మందాన అద్ది, కత్తితో నిలువుగా, అడ్డంగా గీతలు పెడితే చిన్న చిన్న ముక్కలు వంద దాకా వస్తాయి. పెనం మీద సన్నని సెగన రెండు వైపులా తిప్పుతూ, లోపలి తడి పోయి కటుక్కున విరిగేదాకా కాల్చాలి. మొత్తం ముద్దలో 420 కేలరీలుంటాయి కనుక ముక్కకు నాలుగు కేలరీల పైచిలుకు. స్పిట్జ్‌కు రోజుకు ఎనిమిది ముక్కలు పెట్టొచ్చు. లాబ్రడార్‌కు ముప్పై లోపు. ఎనిమిది సార్లు మెచ్చుకోవడానికి ఎనిమిది ముక్కలు. అదే బిస్కెట్ అయితే ఒకటిన్నరతోనే మెచ్చుకోలు ముగిసేది.

ఈ ముక్కలు ఎక్కువ రోజులు నిలవవు. మన అరిసె నెలరోజులుంటుందంటే అది పాకం చలవ, పచ్చడి ఏడాది ఉంటుందంటే ఉప్పు, నూనెల చలవ. ఆ రెండూ లేని తాయిలం వారం లోపే అయిపోవాలి, అదీ ఫ్రిజ్‌లో పెడితేనే. మిగతావి ఫ్రీజర్‌లో వేసి కొన్ని కొన్ని బయటికి తీసుకోవాలి. ముసురు రోజుల్లో డబ్బాలో మెత్తబడిన ముక్కను వాసన చూసి ఫరవాలేదులే అనుకోకూడదు. వంట చేసే తీరిక లేనివాళ్లకు వండకుండా పెట్టేవీ ఉన్నాయి. సన్నగా చక్రాల్లా తరిగిన క్యారట్, గింజ తీసిన కీర, ఉడికించిన రత్నపురి గడ్డ ముక్క, ఉడికిన బీన్స్. వంద గ్రాముల కీరలో 15 కేలరీలే, క్యారట్‌లో 41. మాంసం వాసన కావాలంటే కోడి కార్జం మేలు. అంకాపూర్ నాటుకోడి కూరకు మసాలా పట్టించేముందే ఒక చిన్న కార్జం ముక్క తీసి ఉత్త నీళ్లలో ఉడికించి, గోరంతలుగా తుంచి ఎండబెడితే కొత్త విద్య నేర్పేటప్పుడు అంతకు మించిన లంచం లేదు. కార్జంలో విటమిన్ ఎ మెండు కనుక రోజూ పెట్టేది కాదు. పసుపు వేయాలా అని ఈ జిల్లావాళ్లు అడగక మానరు. జాతీయ పసుపు బోర్డు 2025లో వచ్చింది నిజామాబాద్‌కే మరి. చిటికెడు పసుపు కుక్కకు హాని చేయదు. అయితే పసుపులో కర్కుమిన్ ఉండేదే మూడు శాతం ప్రాంతంలో, అందులోనూ పేగు దాటి రక్తంలో కలిసేది బహు స్వల్పం. తాయిలంలో పసుపు వేస్తే కీళ్ల నొప్పులు పోతాయని నమ్మి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేయడమే అసలు హాని.

మన వంటింట్లోనే ఉన్న ముప్పు

మనం తినే తిండిలోంచి ఒక ముద్ద తీసిపెడితే పోలా అన్నది సులువైన ఆలోచన. ప్రమాదమంతా అందులోనే ఉంది. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయని చాలాకాలంగా తెలుసు. అందుకు కారణం వాటిలోని టార్టారిక్ ఆమ్లం కావచ్చని అమెరికా పశువైద్యులు 2021లో ప్రతిపాదించారు. మరుసటి ఏడాది చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కల కేసులు కూడా ప్రచురించారు. చింతపండు పులుపు చాలావరకు ఆ ఆమ్లమే. కిస్మిస్ వేసిన సేమియా పాయసం, షీర్ ఖుర్మా, చింతపండు పులిహోర, పచ్చిపులుసు కలిపిన అన్నం, ఇవన్నీ పండగ పూట ప్రేమగా కుక్క గిన్నెలో పడేవే. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి చాలు, అంటే 5 కిలోల స్పిట్జ్‌కు ఒక మోస్తరు ఉల్లిగడ్డ. వండినా ఆ గుణం పోదు కనుక కూర గ్రేవీ పెట్టడానికి లేదు. చాక్లెట్ సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది జైలిటాల్. కొన్ని చూయింగ్ గమ్‌లలో, కొన్ని రకాల పల్లీ వెన్నలో, చక్కెర లేని మిఠాయిల్లో వాడే ఈ తీపి కిలో బరువుకు 0.1 గ్రాము చేరినా కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, ఎక్కువైతే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చక్కెర వద్దన్నారు కదా అని షుగర్ ఫ్రీ సరుకు తెచ్చి పెట్టడం పెనం మీంచి పొయ్యిలో పడటమే. పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి.

పొలాల వైపు నుంచి వచ్చే ముప్పు వేరు. అంకాపూర్ దగ్గర రోడ్డు పక్కన కాల్చిన మక్క కంకులు తిని బెండు విసిరేస్తాం. కుక్క దాన్ని కొరికి మింగితే అది అరగదు, పేగులో ఇరుక్కోవచ్చు. అప్పుడు చాలాసార్లు ఆపరేషన్ తప్ప దారి ఉండదు. ఉడికిన కోడి ఎముక పుల్లలుగా విరిగి గుచ్చుకుంటుంది. ఇవి కంటికి కనిపించేవి. కనిపించనిది బూజు. వానకు తడిసి ముక్కిన మక్కలు, పుచ్చిన పల్లీలు మనుషులకు పనికిరావు, కుక్కకో కోళ్లకో పడేద్దాం అనుకోవడం రైతు ఇళ్లలో మామూలే. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్‌కు కుక్క కాలేయం చాలా తొందరగా లొంగిపోతుంది. ఉడికించినా ఆ విషం పూర్తిగా విరగదు. 2020 చివర్లో అమెరికాలో మక్కలతో చేసిన ఒక రకం కుక్కల తిండిలో అఫ్లాటాక్సిన్ మితిమీరిందని తేలింది, వందకు పైగా కుక్కలు చనిపోయినట్టు అక్కడి ఆహార, ఔషధ సంస్థకు సమాచారం అందింది. తాయిలానికి వాడే పిండి, పల్లీలు మనం తినడానికి ఎంచినవే అయ్యుండాలి. తాలు గింజ ఎవరి వాటా కూడా కాదు.

కొన్నది వద్దా?

అంగట్లో కొన్న తాయిలానికి ఒక మేలుంది: పొట్లం మీద పోషకాల వివరం ఉంటుంది. కేలరీలు రాసి, పదార్థాల జాబితాలో చక్కెర, ఉప్పు, గ్లిజరిన్ వంటివి ముందు వరుసలో లేని పొట్లమైతే కొనుక్కోవడంలో తప్పు లేదు. ముక్కను నాలుగు చేసి పెడితే ఇంకా నయం. అయితే పొట్లంలో ఉన్నంత మాత్రాన భరోసా ఉన్నట్టు కాదు. ఎండు కోడిమాంసపు తాయిలాలు తిన్న కుక్కలు జబ్బుపడుతున్నాయని 2007 నుంచి అమెరికాలో ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వెయ్యికి పైగా మరణాలు లెక్కకు వచ్చినా కచ్చితమైన కారణం తేలలేదు. అటు ఇంటి వంటను నెత్తిన పెట్టుకోవడమూ సరికాదు. కుక్కల కోసం పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో ఉన్న 200 ఇంటి భోజన వంటకాలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు 2013లో పరీక్షిస్తే 95 శాతంలో కనీసం ఒక అత్యవసర పోషకం కొరవడింది. తొంభై శాతం తిండి సమతులంగా ఉన్నప్పుడే మిగతా పది శాతంలో మన ఇష్టం చెల్లుతుంది. జొన్న ముక్కలు బాగున్నాయని వాటినే భోజనం చేస్తే కాల్షియం మొదలుకొని చాలా లోపిస్తాయి. ఇంటి తాయిలం మంచిదైంది కొసరు గనుకే.

చివరి అభ్యంతరం గట్టిది. చెరుకు బకాయిల కోసం, మూతపడ్డ ఫ్యాక్టరీ కోసం ధర్నాలు చేసిన నేల మీద కుక్కల చిరుతిళ్ల గురించి ఇంత రాయడం అవసరమా? ఊళ్లో కుక్కలు ఏది పడితే అది తిని బతకలేదా? ఊరకుక్క రోజంతా తిరుగుతుంది, దానికి దొరికేది అరకొర. తీపి దొరకడం మరీ అరుదు. బతికినవి మన కంటికి కనిపిస్తాయి, కూనలప్పుడే పోయినవి కనిపించవు. గొలుసు కట్టి, గేటు మూసి, మేడ మీద పెంచే కుక్కకు ఆ తిరుగుడు లేదు, తిండి ఏరుకునే స్వేచ్ఛా లేదు. దాని గిన్నెలో ఏం పడుతుందో పూర్తిగా మన నిర్ణయం. ఇక ఖర్చంటారా, ఇక్కడ చెప్పినదంతా ఖర్చు తగ్గించేదే. బిస్కెట్ పొట్లం కంటే క్యారట్ చవక, మానేసిన మిఠాయి అంతకంటే చవక. లావెక్కిన కుక్క మోకాలికి వైద్యం చేయించడం మాత్రం చవక కాదు.

ఇంటిల్లిపాదీ ఒప్పుకోవలసిన ఏర్పాటు ఒకటి చాలు. పొద్దున్నే ఆ రోజు వాటా ముక్కలు లెక్కపెట్టి ఒక చిన్న గిన్నెలో వేసి అందరికీ అందే చోట పెట్టాలి. ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలి. తాతయ్యకూ పిల్లలకూ అదే గిన్నె. తాయిలం ఎంత ఇచ్చారో ఆ మేరకు రాత్రి భోజనం తగ్గించాలి. గిన్నె ఖాళీ అయ్యాక కుక్క తోక ఊపుతూ వస్తే గొంతు కింద నిమరొచ్చు, బంతి విసరొచ్చు, ఇంకో వీధి తిప్పుకుని రావొచ్చు. నెలకోసారి తూకం వేయించి, పక్కటెముకల మీద చేయి వేసి చూసుకోవాలి. నొక్కకుండానే ఎముకలు వేళ్లకు తగులుతుంటే మీ కొలత సరిపోయినట్టు. వెతుక్కోవలసి వస్తుంటే రేపటి గిన్నెలో రెండు ముక్కలు తగ్గించండి.